గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓపెన్ టెన్త్ సాయంత్రం బ్యాచ్ ఎలా ఉంది?

ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసే, పగలు పనికి పోయేవాళ్ళకు ఇక్కడ పాఠాలు మామూలుగానే చెబుతారు. చేరినవాళ్ళు మానేయకుండా చూసుకోవడంలో మాత్రం ఈ బ్యాచ్‌కు మంచి మార్కులే వేయాలి.

మొదటి రోజే పుస్తకం చేతిలో పెట్టరు. ఒక కార్డు రాసుకుంటారు: పని ఎన్నింటికి దిగుతారు, ఇంట్లో చంటిపిల్లలుంటే ఎవరు చూస్తారు, ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిది. అసలు విషయం ఈ చివరి ప్రశ్నలోనే ఉంది. ఆడవాళ్ళు ఇచ్చే నంబరు చాలాసార్లు భర్తదో కొడుకుదో అయ్యుంటుంది. క్లాసు టైము మారిందన్న మెసేజ్ వాళ్ళదాకా రాదు. ఒకసారి వచ్చి తాళం చూసి వెళ్ళిన మనిషి మళ్ళీ రావడం కష్టం. అందుకే తోటి కూలీదో పక్కింటివాళ్ళదో రెండో నంబరు కూడా తీసుకుంటారు.

తర్వాత రెండు లైన్లు చదివిస్తారు. నలభై దాటి, "నా బుర్రకెక్కదులే అమ్మా" అనేవాళ్ళలో కొందరికి ఉన్నది చత్వారమే. బల్ల సొరుగులో +1 నుంచి +2.5 పవరు దాకా రీడింగ్ గ్లాసులు ఉంచారు. ఇంత చవకైన ఏర్పాటు మిగతా సెంటర్లకు ఎందుకు తట్టదో!

వరసగా రెండు రోజులు రాకపోతే ఫోన్ వస్తుంది. ఎందుకు రాలేదని నిలదీయరు. "రేపు భిన్నాలు మొదలెడుతున్నాం, మీ షీటు తీసిపెట్టా అక్కా" అంటారు, అంతే. వారం గడిచాక చేస్తే ఆ ఫోన్ ఎత్తరు, అప్పటికే మొహం చెల్లదు.

లోపాలూ ఉన్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు సీజను, పరీక్షలూ ఆ రోజుల్లోనే. పగలంతా మిర్చి తొడిమలు తీసి, ఘాటుకు కళ్ళు మండుతుండగా వచ్చినవాళ్ళను అప్పుడూ రెండు గంటలు కూర్చోబెడుతున్నారు. బీజగణితం, రేఖాగణితం డిసెంబరులోపే ముగించి, సీజనులో ముప్పావుగంట పాత ప్రశ్నపత్రాలు చేయిస్తే సరిపోయేది.

ఇంకోటి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలన్న రూలు ఓపెన్ స్కూల్లో లేదు. ఒక్కోదాంట్లో 35 వస్తే అది పాసైనట్టే, తప్పినవే మళ్ళీ రాసుకోవచ్చు. ఈ మాట ఇక్కడ ఫలితాలొచ్చాక చెబుతున్నారు. ఒకటి పోతే అన్నీ పోయాయనుకుని ఆగిపోయేది అక్కడే. చేరిన రోజే చెప్పి, కార్డు వెనక రాసివ్వాలి. గణితం బదులు వేరే సబ్జెక్టు తీసుకునే వీలుందనీ అప్పుడే చెప్పాలి, పాలిటెక్నిక్ ఆలోచన ఉన్నవాళ్ళు గణితం వదలొద్దనీ చెప్పాలి.

ఇది కోచింగ్ మాత్రమే. అడ్మిషను, సెలవు రోజుల కాంటాక్ట్ క్లాసులు (ఓపెన్ స్కూలు పెట్టే ముఖాముఖి తరగతులు) గుర్తింపు ఉన్న స్టడీ సెంటరులోనే. అక్కడ కట్టే ఫీజు రసీదు, ఇక్కడి రసీదు విడివిడిగా అడిగి తీసుకోండి.