పోషకాహార పునరావాస కేంద్రంలో 21 రోజులు

మా అక్క మనవడిని కర్నూలులోని ఒక ప్రభుత్వ పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చేనాటికి వాడికి రెండేళ్ల మూడు నెలలు, బరువు 6.4 కిలోలు, జబ్బ చుట్టుకొలత 10.6 సెంటీమీటర్లు. ఆ కొలత 11.5 కన్నా తక్కువుంటే తీవ్ర లోపపోషణ కింద లెక్క. తల్లికీ బిడ్డకూ హెచ్‌ఐవి ఉందని అంతకు వారం ముందే తేలింది. గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయి వచ్చినప్పటి నుంచి బిడ్డ చిక్కిపోతుంటే, ఒక ప్రైవేటు క్లినిక్కులో రక్తపరీక్ష ఊసెత్తకుండా రెండు నెలలు టానిక్కులు రాశారు. ఆ కాలం పోయిందనే బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

తోడుగా ఉన్న నన్ను మొదట కలవరపెట్టింది, తర్వాత నమ్మకం కలిగించింది ఒకటే: వాళ్లు తొందరపడలేదు. ఎఫ్-75 అనే పాలు, అంటే 100 మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలున్నవి, రెండు గంటలకొకసారి 70 మిల్లీలీటర్ల చొప్పున రాత్రి కూడా పట్టారు. తల్లి ఇంకొంచెం పోయమంటే నర్సు, "వద్దమ్మా, ఆకలికి అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే గుండె తట్టుకోదు" అని చెప్పి, గిన్నెలో మిగిలిన పాలను కొలిచి కాగితం మీద రాసుకుంది. వెచ్చగా ఉండేందుకు బిడ్డను తల్లి ఎదకు ఆనించి దుప్పటి కప్పించింది. రక్తం తక్కువగా ఉన్నా ఐరన్ మందు మొదట్లో ఇవ్వలేదు. ఇన్ఫెక్షన్ తగ్గి, బరువు పెరగడం మొదలయ్యాకే ఇచ్చారు.

ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ మందు మాత్రం ముందే మొదలైంది. టీబీ పరీక్షలూ చేశారు. ఒళ్లు కాస్త కుదుటపడి, ఆకలి తిరిగొచ్చాక పాలు అంతకన్నా బలమైన ఎఫ్-100కు మార్చి, ఆలస్యం చేయకుండా హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రారంభించారు. నీళ్లలో కరిగే ఆ మాత్రల మోతాదు బరువును బట్టి మారుతుంది కనుక ప్రతి తూకమూ ముఖ్యమేనని తల్లికి అర్థమయ్యేదాకా చెప్పారు. సాధారణంగా రెండు వారాలు ఉంచే చోట మాకు 21 రోజులు పట్టింది. చేరిననాటి బరువుపై 15 శాతం పెరిగి, 7.4 కిలోలకు వచ్చాకే ఇంటికి పంపారు. కూలి పోయినందుకు తల్లికి రోజుకింత భత్యం, భోజనం ఇవ్వడం వల్లనే ఆమె అన్నాళ్లూ నిలవగలిగింది.

లోపం లేదనను. మందులిచ్చే చోట ఒక ఉద్యోగి నలుగురి ముందూ "ఏఆర్‌టీ పిల్లాడి తల్లి ఎవరు?" అని కేకేశాడు. అనుమతి లేకుండా ఒకరికి హెచ్‌ఐవి ఉన్న విషయం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టమే చెబుతున్నది. మా పిల్ల కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మరునాడు వార్డు నర్సే వెళ్లి మందులు తెచ్చిచ్చింది.

చివరి రోజుల్లో వంట నేర్పించారు: రాగి జావలో బెల్లం, వేయించి పొడి చేసిన బుడ్డలు (వేరుశనగ గింజలు), ఒక చెంచా నూనె. ఇవన్నీ మా పల్లెలో దొరికేవే. రెండు వారాలకొకసారి తూకానికి రమ్మన్నారు. వచ్చే బుధవారం మూడో తూకం.