విశాఖలో ఇన్వర్టర్‌తో పదేళ్ళు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తరువాత మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. సెల్‌ఫోన్లు మూగబోయి, పాలకూ పెట్రోలుకూ బారులు తీరిన ఆ రోజుల బాధ మరవకముందే, 2015 జనవరిలో 850 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) సైన్‌వేవ్ ఇన్వర్టర్, అంటే లైను కరెంటు లాంటి కరెంటునే ఇచ్చేది, దానికి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే గొట్టాల్లాంటి ప్లేట్లుండేది, కొన్నాను. ఇకమీదట ఏ తుఫాను వచ్చినా మా ఇల్లు చీకటిలో ఉండదని అప్పట్లో గట్టిగా నమ్మాను. పదేళ్ళు దాటిన తరువాత చెప్పవలసి వస్తే, ఇది మంచి వస్తువే, కానీ నేను కొన్న పనికి మాత్రం ఇది సరిపడలేదు.

లెక్క చెబితేనే విషయం తెలుస్తుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే రెంటినీ గుణించగా కాగితం మీద 1800 వాట్ అవర్లు, అంటే 100 వాట్ల వాడకానికి 18 గంటలు. అయితే ఆ 150 అనే అంకె ఇరవై గంటలపాటు నిదానంగా వాడుకున్నప్పటి మాట. ఒక్కసారిగా ఎక్కువ లాగితే బ్యాటరీ అంత ఇవ్వదు, పూర్తిగా ఖాళీ చేస్తే ప్లేట్లు పాడవుతాయి, ఇన్వర్టర్ తన వంతు కొంత తింటుంది. ఇవన్నీ పోగా నా అనుభవంలో చేతికి దక్కేది 1150 వాట్ అవర్ల దాకా. మూడు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఇంటర్నెట్ పెట్టె కలిపి మాకు 275 వాట్లు అయ్యేవి కాబట్టి నాలుగు గంటలు వచ్చేది. వేసవిలో రెండు మూడు గంటలు కరెంటు తీసే రోజుల్లో అది పుష్కలం. పిల్లల పరీక్షల కాలంలో మాత్రం దీన్ని ఎన్నిసార్లు మెచ్చుకున్నామో చెప్పలేను.

అసలు పరీక్ష 2021 సెప్టెంబరు 26 రాత్రి వచ్చింది. గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన ఆ రాత్రి విశాఖలో కుండపోతగా వాన కురిసింది. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. అలవాటు చొప్పున అన్ని ఫ్యాన్లూ తిరుగుతుండగానే పడుకున్నాము. ఒంటిగంట దాటాక ఇన్వర్టర్ కీచుకీచుమని మొత్తుకొని ఆగిపోయింది. టార్చి పట్టుకొని పెరటి వసారాలోకి వెళితే, బ్యాటరీ కూర్చున్న ట్రాలీ చక్రాలు నీళ్ళలో మునిగి ఉన్నాయి. మరో జానెడు పెరిగి ఉంటే తీగలు కూడా తడిసేవి. అరవై కిలోల బరువును ఆ చీకట్లో ఎత్తి పక్కన పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కరెంటు మర్నాటి సాయంత్రం గానీ రాలేదు. అందువల్ల ఇప్పుడు బ్యాటరీని రెండడుగుల సిమెంటు దిమ్మ మీద, గాలి ఆడే చోట పెట్టించాము. చార్జి అయ్యేటప్పుడు దాని నుంచి వెలువడే హైడ్రోజన్ మండే గుణం గలది కనుక పూజగది పక్కన, గ్యాస్ స్టౌ పక్కన పెట్టడం ఎంతమాత్రం తగదు.

ఆ రాత్రి నేర్పినది మరొకటి ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చిన నాడు మొదటి గంట నుంచే పొదుపు మొదలుపెట్టాలి. ఒక్క ఫ్యాను, రెండు బల్బులు చొప్పున 50 వాట్లకు దించుకుంటే అదే బ్యాటరీ ఇంచుమించు ఒక రోజంతా వస్తుంది. పాత ఫ్యాన్లను 2022లో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లతో (తక్కువ కరెంటు తినే బ్రష్‌లెస్ మోటారువి) మార్చాక అది సాధ్యమైంది. అదనంగా మరో బ్యాటరీ కొనేవాళ్ళు ఆ డబ్బు ముందు ఫ్యాన్ల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

నిర్వహణ సంగతి అమ్మేవాళ్ళు తేలికగా చెబుతారు గానీ అంత తేలిక కాదు. మూడు నెలలకొకసారి, వేసవిలో ఇంకా ముందుగానే, బ్యాటరీ ఆరు గదుల్లో నీటిమట్టం చూపే తేలుడు పుల్లలు చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మొదటి బ్యాటరీకి ఒకసారి సర్వీసుకు వచ్చిన కుర్రాడు మా కుళాయి నీళ్ళే పోస్తుంటే, అతనికి తెలియదా అని ఊరుకున్నాను. ఏడాది తిరక్కుండానే హైడ్రోమీటర్ పెట్టి చూస్తే నాలుగు గదుల్లో గ్రావిటీ (చార్జి ఎక్కినకొద్దీ పెరిగే ఆమ్లం సాంద్రత) 1240 ఉండగా రెండు గదులు 1150 దగ్గరే ఆగిపోయాయి, ఎంత చార్జి పెట్టినా లేవలేదు. అయిదేళ్ళకే 2020 వేసవిలో దాన్ని పాతసామాను లెక్కకు ఇచ్చి కొత్తది తెచ్చాను. అప్పటి నుంచి నీళ్ళు నేనే పోస్తున్నాను, టెర్మినళ్ళ మీద తెల్లటి బూజు పట్టినప్పుడు వేడినీళ్ళతో కడిగి వాజలీన్ రాస్తున్నాను. ఆమ్లం చుక్క పడి లుంగీకి మూడు చిల్లులు పడ్డాయి, కళ్ళద్దాలు పెట్టుకోవడం ఆ తరువాతే అలవాటైంది.

ఇక ఇన్వర్టర్ చేయలేని పని మేడమీది ట్యాంకుకు నీళ్ళెక్కించడం. మా ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడే 750 వాట్లు దాటుతుంది, మొదలయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఒకసారి తెలిసీ తెలియక కలిపితే ఇన్వర్టర్ వెంటనే ఓవర్‌లోడ్ చూపి ఆగిపోయింది. హుద్‌హుద్ నాటి బాధ చీకటి కాదు, వీధి చివరి చేతిపంపు దగ్గర బిందెల వరుస. ఇన్వర్టర్ దించిన రోజున మా అమ్మ, "కరెంటుకేటిరా, దీపమెట్టుకుందుం. నీళ్ళ సంగతి సూడు ముందు" అన్నది. ఆ మాట నాకు ఎక్కడానికి గులాబ్ రావలసి వచ్చింది. ఇప్పుడు హెచ్చరిక వినగానే మేడమీది ట్యాంకు, సంపు నింపుతాము. సంపు మూతకు పక్కన నైలాన్ తాడు కట్టిన బకెట్ ఏడాది పొడవునా వేలాడుతూనే ఉంటుంది.

2022లోనే మేడ మీద 165 వాట్ల సౌర ఫలకం, దాని నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటును అదుపుచేసే చార్జ్ కంట్రోలర్ చేర్చాను. మబ్బు రోజుల్లో దానివల్ల దాదాపు ఏమీ రాదు. ఎండ కాస్తే మాత్రం రోజుకు 600 వాట్ అవర్లు వస్తాయి, ఆ 50 వాట్ల పొదుపు లెక్కన సగం రోజుకు సరిపోతాయి. తుఫాను దాటిన మర్నాటి నుంచి పనికొచ్చేది ఇదే, ఇన్వర్టర్‌కు నిజంగా జత కుదిరింది కూడా దీనితోనే. అయితే తుఫానుకు ముందురోజే నాలుగు బోల్టులు విప్పి ఫలకాన్ని కిందికి దించుకోవాలి, లేకపోతే అది పక్కింటి మీదికి ఎగిరే ప్రమాదం ఉంది. స్పానర్ అందుకే ఫలకం కాలికే తీగతో కట్టి ఉంచాను.

రోజూ గంటో రెండు గంటలో కరెంటు పోయే ఇంటికి ఇన్వర్టర్ నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. తీరప్రాంతంలో తుఫాను కోసమే కొనదలచినవాళ్ళు మాత్రం ముందు సంపు, తాడు, మంచి ఫ్యాన్లు, చిన్న ఫలకం చూసుకొని మిగిలిన డబ్బుతో దీని జోలికి వెళ్ళాలి. మా రెండో బ్యాటరీకి అయిదేళ్ళు నిండాయి, ఒక గది గ్రావిటీ 1200 దాటడం లేదు. అక్టోబరు రాకముందే మార్చాలని అనుకుంటున్నాను.