తిరుపతి మిద్దె ఇళ్లకు వైఫై యాక్సెస్ పాయింట్లు: ఈఏపీ 610, ఈఏపీ 615 వాల్, యూ6 ప్లస్

తిరుపతిలో 30, 40 అంకణాల స్థలంలో లేచే ఇళ్లన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. కింద ఒక పోర్షన్, పైన ఇంకొకటి, మిద్దె మీద ఒక గది. బయటి గోడ 9 అంగుళాల ఇటుక, లోపలి గోడలు నాలుగున్నర, అంతస్తుల మధ్య కడ్డీలు కట్టి పోసిన స్లాబు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు ఓఎన్‌టీని, అంటే ఫైబర్ వచ్చి చేరే పెట్టెను, కింద హాల్లో టీవీ పక్కన బిగించి వెళ్లిపోతారు. హాల్లో నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, పై పడగ్గదిలో వీడియో కదలదు. వెంటనే ఆరు యాంటెన్నాల రౌటర్ ఒకటి కొనేస్తారు. చాలా ఇళ్లలో ఆ డబ్బు దండగే. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, జవాబు పంపాల్సింది మీ చేతిలోని చిన్న ఫోను. దాని గొంతు స్లాబు దాటి కిందికి చేరకపోతే పైన ఎన్ని గీతలు కనిపించినా పని జరగదు.

అందుకే ఒక పెద్ద రౌటరా, అంతస్తుకొక చిన్న యాక్సెస్ పాయింటా (వైరుతో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) అంటే మేము రెండోదే చెబుతాం. దానికి నెట్‌వర్క్ స్విచ్ (ఒక నెట్‌ను చాలా వైర్లకు పంచే పెట్టె) నుంచి ఒక్కొక్క వైరు లాగాలి. వైరు లాగడానికి ఇష్టపడని ఇంటికి ఈ రివ్యూలోని సగం విషయాలు వర్తించవు.

కొనేముందు ఒక పూట కొలతలు తీసుకోండి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకుని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ (వైఫై బ్యాండ్లలో వేగమైనది; 2.4 నెమ్మదైనా దూరం పోతుంది) మాత్రమే చూస్తూ గది గదికీ తిరగండి. మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం) కంటే మెరుగ్గా ఉన్న చోట ఏ ఇబ్బందీ లేదు. మైనస్ 70 దాటితే వీడియో కాల్ తడబడుతుంది. మైనస్ 75 దగ్గరికి వచ్చేసరికి ఫోను తనంతట తానే 2.4 గిగాహెర్ట్జ్‌కి దిగిపోతుంది. పైన గీతలు నిండుగా ఉన్నా స్పీడ్ రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. తలుపులు వేసి కొలవండి, పూజ గది వెనకా, స్టీలు బీరువా ఉన్న గదిలోనూ తప్పకుండా చూడండి.

మామూలు ఇంటికి మేము ముందు పెట్టేది టీపీ-లింక్ ఈఏపీ 610. వైఫై 6, 2.4లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 1201 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. ఆ అంకెలు గాలిలోని లింకు వేగం. అదే గదిలో కొలిస్తే అందులో సగం, సగం పైన కాస్త వస్తుంది. మన ఇళ్లలో ఎక్కువమంది తీసుకునే 100 నుంచి 300 ఎంబీపీఎస్ ప్లాన్లకు అది చాలు. ఈఏపీ 650 తీసుకుంటే 160 మెగాహెర్ట్జ్ వెడల్పు చానెల్‌తో 2402 దాకా చూపిస్తుంది గానీ, ఫోను కూడా 160 పట్టుకోగలిగితేనే ఆ లాభం. పైగా చానెల్ 36 నుంచి 64 వరకు పరిచే ఆ వెడల్పులో సగం డీఎఫ్ఎస్ చానెళ్లే, అంటే రాడార్లతో పంచుకునేవి. ఆ చానెళ్లను వాడేముందు యాక్సెస్ పాయింట్ ఒక నిమిషం పాటు రాడార్ ఉందేమో వినాలి, రాడార్ దొరికితే చానెల్ వదిలేయాలి. గాదంకిలో పెద్ద రాడార్ ఉంది కదా, మా వైఫైకి దెబ్బా అని చంద్రగిరి, పాకాల వైపు అడుగుతుంటారు. అది 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, దానికీ మన 5 గిగాహెర్ట్జ్‌కీ సంబంధమే లేదు.

ఈఏపీ 610తో జాగ్రత్త పడాల్సింది కరెంటు దగ్గర. దీనికి 802.3ఏటీ పీఓఈ (నెట్ వైరులోనే కరెంటు పంపే పద్ధతి) కావాలి, అంటే స్విచ్ పోర్టు 30 వాట్ల దాకా ఇవ్వగలిగినది. పాత 802.3ఏఎఫ్ స్విచ్ 15.4 వాట్లే ఇస్తుంది, వైరు చివర 12.95 చేరుతుంది. కరెంటు చాలకపోతే రాత్రి అందరూ వీడియోలు చూసే వేళకి యాక్సెస్ పాయింట్ ఆగి మళ్లీ మొదలవుతుంది. వైఫై చెడిపోయిందని దాన్ని మార్చేస్తారు, లోపం స్విచ్‌లో ఉంటుంది.

గోడలోని స్విచ్ బోర్డు పెట్టెలో కూర్చునే ఈఏపీ 615 వాల్ అద్దె పోర్షన్లకు, మిద్దె గదికి చక్కగా సరిపోతుంది. వెనక నుంచి ఒక వైరు వస్తుంది, కింద మూడు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉంటాయి. టీవీకి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి వైరుతోనే ఇచ్చుకోవచ్చు. సీలింగుకు బిగించిన దానికంటే దీని పరిధి తక్కువ. మంచం తల వెనక, సోఫా వెనక పెడితే ఇంకా తగ్గుతుంది. దీన్ని ఒక గదికి, పక్క గదికి అనుకునే కొనాలి.

యూబిక్విటీ యూ6 ప్లస్ కట్టుబడి, యాప్ రెండూ ముచ్చటగా ఉంటాయి. 802.3ఏఎఫ్ సరిపోతుంది కాబట్టి మామూలు పీఓఈ స్విచ్ మీదా నడుస్తుంది. పెట్టెలో ఇంజెక్టర్ (వైరులోకి కరెంటు ఎక్కించే అడాప్టర్) రాదు, విడిగా కొనాలి. పూర్తి సెట్టింగులు కావాలంటే యూనిఫై నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట నడవాలి. ఇంట్లో దాన్ని చూసుకునే మనిషి ఉంటే నిశ్చింతగా కొనండి, లేకపోతే టీపీ-లింక్ తేలిక. బ్రౌజర్ తెరిచి ఒక్కొక్కదాన్ని విడిగా సెట్ చేసుకున్నా నడిచిపోతుంది. అన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే టీపీ-లింక్ సాఫ్ట్‌వేర్ ఓమడా కంట్రోలర్ ఉచితంగా కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. అది ఆగినా వైఫై ఆగదు గానీ, ఫాస్ట్ రోమింగ్ (నడుస్తూ గది మారినా ఫోను ఆగకుండా దగ్గరి యాక్సెస్ పాయింట్‌కు మారడం) కావాలంటే ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. దానికోసం కంప్యూటర్‌ను రాత్రింబగళ్లు వెలిగించడం కంటే ఓసీ200 చిన్న పెట్టె నయం. రెండే యాక్సెస్ పాయింట్లున్న ఇంటికి మాత్రం కంట్రోలర్ లేకపోయినా పర్వాలేదు. గ్రాండ్‌స్ట్రీమ్ జీడబ్ల్యూఎన్ శ్రేణిలో ఒక యాక్సెస్ పాయింటే మిగతావాటికి కంట్రోలర్‌గా ఉంటుంది, అదీ బాగుంది.

డెకో లాంటి మెష్ పెట్టెలు, అంటే ఒకదానికొకటి గాలిలోనే సిగ్నల్ అందించుకోగలిగేవి, చెడ్డవి కావు. వైరు లేకుండా వాటిని స్లాబుకు అటూ ఇటూ పెట్టడమే తప్పు. రెండు బ్యాండ్ల మోడళ్లలో పై పెట్టె కిందిదానితో మాట్లాడటానికీ, మీ ఫోనుతో మాట్లాడటానికీ ఒకే రేడియో వాడుతుంది, వేగం సగానికి పడిపోతుంది. వైరు లాగడం అసాధ్యమైతే పై పెట్టెను మెట్ల మలుపులో పెట్టండి. అక్కడ స్లాబు అడ్డు ఉండదు.

ఇక వైరు. ఈ పని మొత్తంలో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. సీసీటీవీ సామాను అమ్మే అంగళ్లలో క్యాట్6 అని ఇచ్చే చవక రకం చాలాసార్లు సీసీఏ, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. అంగట్లోనే రెండు అంగుళాల మేర పై తొడుగు తీయించండి. ఒక సన్నటి వైరు ప్లాస్టిక్ ఒలిచి, బ్లేడుతో నెమ్మదిగా గీకండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. గీకిన చోట వెండిలా మెరిస్తే అక్కడే వెనక్కివ్వండి. నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగేదీ అదే. రాగితో పోలిస్తే దానిలో కరెంటుకు అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లు. పీఓఈ వోల్టేజీ దారిలో పడిపోతుంది, కొన్నేళ్లకు జాక్ దగ్గర కనెక్షన్ వదులవుతుంది.

క్రింపింగ్ (వైరు చివర జాక్ బిగించడం) చేసేవారిని టీ568బీ వరస వాడమనండి: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జంటను విడదీసి నీలం జంటకు అటూ ఇటూ పెట్టడం ఇందులో కీలకం. రెండు ఆకుపచ్చల్నీ పక్కపక్కనే పెట్టి, రెండో చివరా అలాగే చేస్తే, లైట్లు వెలిగే చవక టెస్టర్ ఎనిమిదీ బాగున్నాయనే చెబుతుంది, నెట్ మాత్రం తెగుతూ అతుకుతూ ఉంటుంది. పెనవేసిన జంట విడిపోతే పక్క వైరు సిగ్నల్ ఇందులోకి దూరుతుంది. అసలు కారణం అదే.

స్విచ్ కొనేటప్పుడూ ఇలాంటి గొయ్యి ఒకటుంది. కెమెరాలకు అమ్మే 8+2 పీఓఈ స్విచ్‌లలో చాలావాటికి ఆ ఎనిమిది పోర్టులూ 100 ఎంబీపీఎస్‌వే, రౌటర్ వైపు వెళ్లే రెండు అప్‌లింక్‌లే గిగాబిట్. కెమెరాకు అది ధారాళం, యాక్సెస్ పాయింట్‌కు సంకెల. 200 ప్లాన్ తీసుకుని ఎక్కడ కొలిచినా 94 దగ్గరే ఆగితే ఫైబర్ వాళ్లకు ఫోన్ చేయకండి. ముందు స్విచ్ పోర్టు చూడండి, తర్వాత జాక్ చూడండి. గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి, నీలం జంట గానీ గోధుమ జంట గానీ తెగితే లింకు 100కి దిగిపోతుంది.

బిగించే చోటు విషయానికొస్తే, హాలుకూ పడగ్గదులకూ మధ్య ఉన్న నడవ సీలింగు అన్నిటికంటే మంచిది. కింద అంతస్తులో ముందు వైపు పెడితే పైన వెనక వైపు పెట్టండి. ఒకదాని నెత్తిన ఒకటి పెట్టకూడదు. మిద్దె మీద రేకుల కింద ఇంట్లో వాడేది పెట్టొద్దు. ఈఏపీ 610 తట్టుకునే హద్దు 40 డిగ్రీలు, మే నెలలో మన నీడే దాన్ని దాటుతుంది. అక్కడికి ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడని రక్షణ) ఉన్న ఈఏపీ 610 అవుట్‌డోర్ పెట్టండి, వైరును పైపులో నడపండి. కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లలో కోతులు వేలాడే వైరును వదలవు. పక్క భవనానికి మిద్దె మీదుగా రాగి వైరు లాగడం మాత్రం వద్దు. నవంబరు వానల్లో పిడుగు దూరంగా పడినా ఆ వైరులో పుట్టే సర్జ్‌తో (ఒక్కసారిగా పొంగే కరెంటు) రెండు వైపులా పోర్టులు కాలిపోతాయి. అక్కడ ఫైబరే సరి.

సెట్టింగుల్లో ముఖ్యమైనవి తక్కువే. ఓఎన్‌టీ వైఫై ఆపేయండి. పాత రౌటర్‌ను కూడా వాడుకోవాలంటే దాని డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్ అడ్రసులు పంచే పని) ఆపి, వైరును లాన్ పోర్టుకు ఇవ్వండి. అన్ని యాక్సెస్ పాయింట్లకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. 2.4లో వెడల్పు 20 మెగాహెర్ట్జ్, కిందదానికి చానెల్ 1, పైదానికి 6 లేదా 11. 5 గిగాహెర్ట్జ్‌లో వెడల్పు 80, ఒకటి 36 దగ్గర, ఇంకొకటి 149 దగ్గర. పవర్ హై మీద వదిలేయకండి. 2.4ను 'లో' (తక్కువ) కి, 5ను 'మీడియం'కి దించండి. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే కదా. కింది సిగ్నల్ పైకి గట్టిగా వస్తుంటే అది కిందిదాన్నే పట్టుకుని వేలాడుతుంది. స్మార్ట్ బల్బులు, మోటారు కంట్రోలర్లు సాధారణంగా 2.4 మాత్రమే పట్టుకుంటాయి, డబ్ల్యూపీఏ3 (పాస్‌వర్డ్ భద్రతలో కొత్త రకం) పెడితే చాలావరకు చేరవు. వాటికి డబ్ల్యూపీఏ2తో వేరే పేరు పెట్టండి.

పీఓఈ వల్ల మన ఊళ్లో ఇంకో పెద్ద సుఖం ఉంది. ఓఎన్‌టీ, రౌటర్, పీఓఈ స్విచ్ మూడింటినీ ఒకేచోట పెట్టి ఒక్క యూపీఎస్‌కి కలిపితే చాలు, కరెంటు పోయినా మూడు అంతస్తుల్లోనూ వైఫై నడుస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా మధ్యలో చిన్న యూపీఎస్ ఉంచండి. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో ఓఎన్‌టీ రీస్టార్ట్ అయితే నెట్ తిరిగి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

పని పూర్తయ్యాక బిగించినవారు వెళ్లకముందే స్విచ్ పేజీ తెరిచి, ప్రతి పోర్టూ 1000 చూపిస్తోందో లేదో చూడండి. ప్రతి వైరుకూ రెండు చివర్లా "పై నడవ", "మిద్దె గది" అని మార్కర్‌తో రాయించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి స్విచ్ పెట్టె తలుపు లోపలి వైపు అతికించండి.