గుంటూరు ఎండల్లో టెక్నో, కార్తీకంలో పియానో: ఆరేళ్లు విన్నాక

ఆరేళ్ల నుంచి మళ్లీ మళ్లీ వింటున్న కొన్ని ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల గురించి రాస్తున్నాను. టెక్నో అంటే మెషీన్లతో చేసిన, ఒకే దరువు ఆగకుండా కొట్టే డాన్స్ సంగీతం. డీజే మిక్స్ అంటే ఒక రికార్డులోంచి ఇంకోదాంట్లోకి ఆగకుండా కలుపుతూ పోయేది. అలాంటి టెక్నో మిక్స్‌లతో మొదలుపెట్టి, సినిమా నేపథ్య సంగీతంలా సాగే పియానో ఆల్బమ్‌ల దాకా వచ్చాను. వినగానే అద్భుతం అనిపించినవి కొన్ని ఏడాది తిరక్కుండానే పక్కన పడిపోయాయి, పది నిమిషాలు కూడా భరించలేక ఆపేసినవి ఇప్పుడు నెలకి రెండుసార్లు వినకపోతే తోచదు. నాకు అర్థమైంది ఏంటంటే, ఎక్కడ కూర్చుని, చుట్టూ ఏ చప్పుడు ఉండగా విన్నామో చెప్పకుండా ఈ సంగీతం బాగుందనో బాగాలేదనో అంటే ఆ మాట ఎవరికీ పనికిరాదు. గుంటూరులో అయితే మరీను.

నేనుండేది బ్రాడీపేట. పని చిలకలూరిపేట వెళ్లే రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో, మన రైతులు 'ఏసీ' అంటారే, అందులో. సీజన్‌లో పగలంతా లారీల్లోంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగుతూనే ఉంటాయి, ముఠా కూలీల కేకలు, కాటా దగ్గర వాదనలు, ఘాటుకి ఆగని తుమ్ములు. రాత్రి పదకొండు దాటాక అంతా సద్దుమణిగి కంప్రెసర్ల మోత ఒక్కటే మిగులుతుంది. నాది రాత్రి డ్యూటీ. గంటకోసారి గదుల టెంపరేచర్ రాసుకోవాలి, మిగతా టైమంతా ఏ రైతు సరుకు ఏ గదిలో ఏ వరసలో ఎన్ని టిక్కీలు ఉందో రిజిస్టర్‌తో సరిచూసుకోవాలి. పాటలో మాటలుంటే నా కూడిక తప్పుతుంది, మనసు సాహిత్యం వైపు పోతుంది. అందుకే మాటల్లేని సంగీతం వెతుక్కున్నాను.

మొదట దొరికింది టెక్నో డీజే జెఫ్ మిల్స్ 'లైవ్ ఎట్ ది లిక్విడ్ రూమ్, టోక్యో'. 1995లో ఆ క్లబ్‌లో ఆయన వాయిస్తుంటే రికార్డు చేసి 1996లో విడుదల చేశారు. మిల్స్‌ది డెట్రాయిట్, కార్ల ఫ్యాక్టరీల ఊరు, టెక్నో పుట్టింది కూడా 1980లలో ఆ ఊళ్లోనే. మొదటిసారి పెట్టినప్పుడు పది నిమిషాలకే తలనొప్పి వచ్చింది. ధన్ ధన్ ధన్ అని ఆగకుండా కొడుతూనే ఉంటుంది, ఒక ట్రాక్ ఎక్కడ ముగిసింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది తెలియదు. తీసేశాను. రెండు నెలలు మళ్లీ దాని జోలికి పోలేదు.

తర్వాత ఒక రాత్రి జరిగింది చెప్తాను. మా దగ్గర రెండు కంప్రెసర్లు పక్కపక్కనే నడుస్తాయి. రెండింటి వేగం దాదాపు ఒకటే కానీ పూర్తిగా ఒకటి కాదు. అందుకని కాసేపు రెండు చప్పుళ్లూ కలిసిపోయి ఒకే గట్టి దెబ్బలా వినిపిస్తాయి, ఆ తర్వాత మెల్లగా విడిపోయి ఒకదాని వెనక ఒకటి పరిగెడుతున్నట్టు ఉంటాయి, మళ్లీ కాసేపటికి కలుస్తాయి. ఏళ్ల తరబడి విన్నాను గానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రాత్రి కుర్చీలో కూర్చుని ఆ కలవడం, విడిపోవడం వింటూ ఉంటే డీజే చేసే పని ఇదే కదా అనిపించింది. రెండు రికార్డులు రెండు ప్లేయర్ల మీద తిరుగుతుంటాయి, వాటి వేగాలు కొంచెం తేడాగా ఉంటాయి, పిచ్ కంట్రోల్‌ని, అంటే రికార్డు తిరిగే వేగం మార్చే మీటని, కొద్ది కొద్దిగా జరుపుతూ చెవితోనే ఆ రెండు దెబ్బలూ విడిపోకుండా పట్టి ఉంచాలి. మా కంప్రెసర్లకి అలా పట్టే మనిషి లేడు కాబట్టి విడిపోతాయి. మిల్స్ అయితే మూడు ప్లేయర్ల మీద ఆ పని చేస్తాడు.

అప్పుడు మళ్లీ పెట్టాను. ఈసారి కింద కొట్టే దెబ్బని వదిలేసి, పైన ఏం వచ్చి చేరుతోంది, ఏం జారుకుంటోంది అని విన్నాను. అక్కడక్కడ దెబ్బలు జారుతాయి, చెయ్యి వెంటనే సర్దుతుంది, జనం కేకలు వినిపిస్తాయి. స్టూడియోలో నున్నగా చెక్కిన మిక్స్‌లలో ఇది ఉండదు. పెళ్లి ఊరేగింపులో డోలు కొట్టే ఆయన చెమటలు కక్కుతూ, నాదస్వరం ఆయన వైపు ఓరగా చూస్తూ లయ నిలబెట్టడం చూశారా, ఆ టెన్షన్ ఇందులో ఉంది. ఆరేళ్లలో యాభై సార్లు పైనే విని ఉంటాను, ఇంకా పాతబడలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు ఇంకో టెక్నో డీజే రిచీ హాటిన్ 'డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్', 2001ది. చాలా ట్రాక్‌లని చిన్న చిన్న లూప్‌లుగా, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలుగా, కోసి, కంప్యూటర్‌లో మళ్లీ అల్లి తయారుచేసిన మిక్స్. ఎక్కడా చెయ్యి జారదు. లెక్కలు చేసుకునేటప్పుడు దీనంత సుఖమైనది నాకు దొరకలేదు, కానీ నిజం చెప్పాలంటే పని లేనప్పుడు ఊరికే కూర్చుని దీన్ని విన్నది రెండు మూడు సార్లే.

మిక్స్ ఆల్బమ్‌లు కొనేవాళ్లకి ఒక మాట. ఇవి ఏకధాటిగా సాగాలి, కానీ ఫైళ్లు ట్రాక్‌లుగా ముక్కలై ఉంటాయి. ప్లేయర్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా వినిపించేది) ఆన్ చేయకపోతే ప్రతి ముక్క దగ్గరా అర సెకను నిశ్శబ్దం వచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్‌ని తగ్గిస్తూ ఇంకోదాన్ని పైకి తెచ్చేది) ఆఫ్ చేయండి, అది ఇంకా పాడు చేస్తుంది. నేను ఈ సంగతి తెలియక మొదటి ఏడాది అంతా తెగిపోయిన మిక్స్‌లే విన్నాను. షఫుల్ సంగతి చెప్పనక్కర్లేదు.

మన దేశానిది ఒకటి ఇక్కడే చెప్పాలి. చరణ్‌జిత్ సింగ్ 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్', 1982లో హెచ్ఎంవీ వేసింది. ఆయన బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి. రోలాండ్ వాళ్ల టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ ముందు పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలు వాయించాడు. అదే 303 మెషీన్ చప్పుడుతో షికాగోలో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీత పద్ధతికి పేరు తెచ్చిన రికార్డు 1987లో వచ్చింది, అంటే ఈయన ఐదేళ్లు ముందు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా వింది. ఇది ఇంట్లో పెట్టినప్పుడు నాన్న లోపల్నుంచి వచ్చారు. ఆయనకి కర్ణాటక సంగీతం అంటే ప్రాణం, పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వింటే గానీ కాఫీ తాగని మనిషి. 'భూపాలి' ట్రాక్ వస్తోంది. "ఇది మోహన కదరా, ఎవరు దీన్ని ఇలా పరిగెత్తిస్తున్నారు?" అన్నారు. ఆ తర్వాత 'మాల్కౌంస్' వచ్చింది, అంటే మన హిందోళం. నిలబడే మొత్తం విన్నారు. నేను వినే సంగీతంలో నాన్న నన్ను కూర్చోబెట్టి అడిగింది అదొక్కటే.

అయితే లోపం కూడా చెప్పాలి. పది ట్రాక్‌లకీ కింద దరువు దాదాపు ఒకే రకంగా ఉంటుంది. వరసగా పదీ వింటే ఐదో దాని దగ్గర చెవి అలిసిపోతుంది. రోజుకి రెండు చాలు.

ఇక పియానో. జర్మన్ పియానిస్టు నిల్స్ ఫ్రామ్ 'ఫెల్ట్', 2011 ఆల్బమ్. మొదటిసారి విన్నది మే నెలలో, ఇంట్లో, స్పీకర్ల మీద. ఏమీ వినపడలేదు. నిజంగానే ఏమీ. మా గదిలో ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటుంది, గుంటూరు మే నెలలో రాత్రి పన్నెండుకి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి, ఫ్యాన్ ఆపే ప్రశ్నే లేదు. ఆ ఫ్యాన్ గాలి చప్పుడు కింద ఆ పియానో పూర్తిగా మునిగిపోయింది. వాల్యూమ్ పెంచితే బుస్సుమనే చప్పుడు పెరిగింది తప్ప స్వరం పైకి రాలేదు. బాగా రికార్డు చేయలేదేమో అనుకుని ఆపేశాను, ఒకరిద్దరికి అలా చెప్పాను కూడా. తప్పు నాదే.

కార్తీక మాసంలో ఒక రాత్రి చలిగా ఉందని ఫ్యాన్ ఆపాం. కిటికీ వేసి, హెడ్‌ఫోన్స్‌తో అదే ఆల్బమ్ పెట్టాను. చెక్క కదిలే చప్పుడు, మీట నొక్కితే సుత్తి లేచి తీగకి తగిలే ముందు వచ్చే చిన్న శబ్దం, వాయించే మనిషి ఊపిరి, ఇవన్నీ స్వరం కన్నా ముందే చెవిలో పడ్డాయి. తర్వాత చదివితే తెలిసింది, రాత్రిళ్లు వాయిస్తే పక్కింటి వాళ్లకి ఇబ్బంది అని ఆయన పియానో సుత్తులకీ తీగలకీ మధ్య ఫెల్ట్ గుడ్డ పెట్టి, మైకులు బాగా దగ్గరగా లోపలికి దించి రికార్డు చేశాడట. మా వాటాకీ పక్క వాటాకీ మధ్య ఒకే గోడ, రాత్రి టీవీ సౌండ్ కాస్త పెరిగినా అవతలి పిన్నిగారు పొద్దున్న అడుగుతారు, అందుకని ఆ గుడ్డ సంగతి నాకు బాగా పట్టింది. రైల్వే లైను దగ్గరే కాబట్టి మధ్యలో గూడ్సు బండి కూత వినపడింది. మామూలుగా చిరాకు పడేవాణ్ని, ఆ రాత్రి అది కూడా ఆల్బమ్‌లోదేనేమో అనిపించింది.

అప్పట్నుంచి నాకు ఆల్బమ్‌లు రెండు రాశులయ్యాయి, ఫ్యాన్ కింద వినగలిగేవి, ఫ్యాన్ ఆపి వినాల్సినవి. ఉగాది నుంచి తొలకరి దాకా టెక్నో. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పియానో. ఇలా వేరుచేసుకున్నాక రెండూ బాగా వినపడుతున్నాయి.

నిల్స్ ఫ్రామ్‌దే 'స్క్రూస్', 2012. బొటనవేలు విరిగి, మిగిలిన తొమ్మిది వేళ్లతో తొమ్మిది చిన్న ముక్కలు వాయించి అభిమానులకి ఉచితంగా ఇచ్చాడు. మధ్యలో ఏడు ముక్కలకి డో, రే, మీ అని స్వరాల పేర్లే, మన సరిగమల్లాగా. అరగంటలోపే అయిపోతుంది. పియానో వైపు మొదటిసారి వచ్చేవాళ్లకి ఇదే ఇస్తాను.

జపాన్ సంగీతకారుడు ర్యుయిచి సకామోటో '12' గురించి ఎక్కువ రాయలేను. 2023 జనవరిలో వచ్చింది, ఆయన మార్చిలో పోయారు. క్యాన్సర్‌తో ఉన్న రోజుల్లో డైరీలాగా వాయించుకున్నవి, ముక్కలకి పేర్లు కూడా తేదీలే. ఊపిరి తీసుకోవడం కష్టంగా వినపడుతుంది. దీన్ని డ్యూటీలో పెట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. మూడేళ్లలో ఏడు సార్లు విని ఉంటాను, ప్రతిసారీ ఇంట్లో, అందరూ పడుకున్నాక, మొత్తం.

సంగీతకర్త మ్యాక్స్ రిక్టర్ 'స్లీప్' 2015ది, ఎనిమిది గంటలకి పైనే, నిద్రపోతూ వినమని చేసింది. నా డ్యూటీ కూడా ఎనిమిది గంటలే కాబట్టి మేలుకుని విన్నాను, రెండుసార్లు, పదిన్నర నుంచి తెల్లవారేదాకా. తెల్లవార్లూ అఖండ భజన దగ్గర కూర్చున్నవాళ్లకి ఈ అనుభవం కొత్త కాదు. మొదటి గంట విసుగు, మూడో గంటకి విసుగు పోయి ఒక స్థిమితం వస్తుంది, నాలుగు గంటల వేళకి అదే స్వరం తిరిగొస్తే ఎవరో తెలిసిన మనిషి గుమ్మంలోకి వచ్చినట్టు ఉంటుంది. గంట నిడివి ఉన్న చిన్న ఆల్బమ్ కూడా వేరే ఉంది గానీ, అది వింటే ఇదంతా తెలియదు.

ఐస్‌లాండ్ సంగీతకారుడు ఓలావుర్ ఆర్నాల్డ్స్ 'రీ:మెంబర్' (2018) నా దగ్గర నిలవలేదు. ఆయన ఒక పియానో వాయిస్తుంటే సాఫ్ట్‌వేర్ ఆ స్వరాలు అందుకుని మరో రెండు పియానోలని వాటంతట అవే వాయించేలా చేస్తుంది, వినడానికి గొప్ప ఆలోచన. మొదటి ఆరు నెలలు అందరికీ పంపాను. తర్వాత వయొలిన్లు ఎక్కడ పైకి లేస్తాయో, ఎక్కడ కన్నీళ్లు తెప్పించాలనుకున్నాడో ముందే తెలిసిపోవడం మొదలైంది.

ఇంగ్లండ్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు జాన్ హాప్కిన్స్ 'ఇమ్యూనిటీ' (2013) మాత్రం రెండు రాశుల్లోనూ ఉంది. ఎనిమిది ట్రాక్‌లు, గంట. తాళం తీస్తున్న చప్పుడుతో మొదలై, మొదటి సగం బీట్ల మీద సాగి, ఐదో ట్రాక్ దగ్గర ఉన్నట్టుండి పియానో ఒక్కటే మిగులుతుంది. డ్యూటీ దిగి తెల్లవారుజామున బండి పక్కన పెట్టి టీ తాగుతూ ఆ ఐదో ట్రాక్ వినడం నాకు అలవాటు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకి ముందు ఇదే చెప్తాను.

వినే సామాను గురించి. మొదట బేస్ బాగుంటుందని వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొన్నాను. ఆ బేస్ ఎంత ఎక్కువంటే టెక్నోలో కింద దెబ్బ తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఎనిమిది నెలలకి ఒక చెవిది పోయింది, వారంటీ ఉన్నా సర్వీస్ సెంటర్ చుట్టూ నాలుగుసార్లు తిప్పి చివరికి చేయలేదు. తర్వాత రెండున్నర వేలలో వైరున్న మామూలు హెడ్‌ఫోన్స్ కొన్నాను, ఐదేళ్లుగా అవే. డ్యూటీలో మాత్రం ఒక చెవికే పెట్టుకుంటాను. మా గదుల్ని చల్లబరిచే అమోనియా ప్లాంటు లాంటి వాటి దగ్గర పనిచేసేవాళ్లు రెండు చెవులూ మూసుకోకూడదు, అలారం వినపడాలి, మనిషి కేక వినపడాలి. ఒక చెవితో వింటే స్టీరియోలో సగం పోతుంది కదా, దానికి ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో అని ఉంటుంది, ఆన్ చేస్తే రెండు వైపులదీ ఒకే చెవిలో వస్తుంది. టెక్నోకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఫ్యాక్టరీల్లో, ప్లాంట్లలో ఉండేవాళ్లు దయచేసి ఇది పాటించండి, కంప్రెసర్ మోతని మించి వినపడాలని వాల్యూమ్ పెంచకండి. మొదటి ఏడాది నేనదే చేశాను, పొద్దున ఇంటికొచ్చాక గంటసేపు చెవుల్లో కీచుమని మోగేది.

ఇంకోటి, యాప్‌లో ఉంది కదా అని నమ్మకండి. నేను వింటున్న రెండు మిక్స్‌లు ఒక రోజు చెప్పాపెట్టకుండా మాయమయ్యాయి. అప్పట్నుంచి మనసుకి పట్టినవి డబ్బులిచ్చి ఎఫ్ఎల్ఏసీ ఫైళ్లు (నాణ్యత తగ్గని ఆడియో ఫైళ్లు) కొనుక్కుని హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుంటున్నాను, నెలకి ఒకటి. ఈ నెల ఇంకా కొనలేదు. నాన్నకి ఆ హిందోళం ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో వేసి హాల్లో స్పీకర్‌కి పెట్టాలి, ముందు ఆ పని చూడాలి.