హెచ్‌కేయూఎస్‌టీ-1 పౌడర్ ఆరు నెలలు వాడాక నా రివ్యూ

సీసా మూత తియ్యగానే పౌడర్ లేత ఆకాశం రంగులో ఉంటే అలాగే తీసుకెళ్లి రియాక్షన్‌లో క్యాటలిస్ట్‌గా వేసెయ్యకండి, ముందు ఇది చెప్పి మిగతాది చెప్తా. ఈ కాపర్ మాఫ్ (లోహాన్నీ ఆర్గానిక్ అణువుల్నీ కలిపి అల్లిన, లోపలంతా సన్నటి రంధ్రాలుండే పదార్థం) పనిచెయ్యట్లేదు అని నాతో అన్నవాళ్లలో చాలామంది దాన్ని తడిగానే (ఆ లేత రంగు తేమదే) వాడారు, మొదట్లో నేనూ అదే చేశా, రెండు వారాల పని వేస్ట్ అయింది.

ఇందులో కాపర్‌లు రెండేసి జతగా ఉంటాయి, ఆ జతల్ని ట్రైమెసిక్ యాసిడ్ లింకర్లు కలుపుతూ పోతాయి, మధ్యలో దాదాపు 9 ఆంగ్‌స్ట్రామ్‌ల (అంటే 0.9 నానోమీటర్ల) దారులు. 1999లో హాంకాంగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చేశారు, పేరు కూడా దాని పొట్టి పేరే. ప్రతి కాపర్‌కీ బయటి వైపు ఒక నీటి అణువు అంటుకుని ఉంటుంది, అది వెళ్లిపోతేనే ఆ చోటు ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ చోటే లూయిస్ యాసిడ్‌గా (ఎదుటి అణువు నుంచి ఎలక్ట్రాన్ జతని అందుకునేదిగా) పనిచేస్తుంది. అక్కడ నీళ్లు తిష్ట వేసుకుని ఉంటే మనం రియాక్షన్‌కి తెచ్చిన ఎపాక్సైడ్ (రెండు కార్బన్లూ ఒక ఆక్సిజన్ కలిసిన చిన్న ఉంగరం ఉన్న అణువు) ఎక్కడికెళ్తుంది చెప్పండి.

అందుకే నేను ష్లెంక్ ట్యూబ్‌లో (గాలి తగలకుండా వాక్యూమ్ పెట్టే గాజు గొట్టం) అర గ్రాము వేసి వాక్యూమ్‌లో 150 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతా. పొద్దున్నే చూస్తే ఊదా కలిసిన ముదురు సిరా రంగు, చూడ్డానికే ముచ్చటేస్తుంది. అందులోంచి చిటికెడు వాచ్‌గ్లాస్ మీద పోసి గాలికి వదిలితే అంచుల నుంచి లేతబడుతూ కాసేపట్లోనే మళ్లీ ఆకాశం రంగుకి వచ్చేస్తుంది, ఆ చిటికెడు చూశాకే దీనికి నీళ్లంటే ఎంత యావో నాకు అర్థమైంది.

సరిగ్గా ఆరబెట్టాక స్టైరీన్ ఆక్సైడ్ అనే ఎపాక్సైడ్‌ని మెథనాల్‌తో తెరిచే రియాక్షన్‌లో వాడా, కొంచెం వేడి చాలు, మెథాక్సీ గ్రూప్ బెంజీన్ పక్కనున్న కార్బన్ మీదే చేరింది, జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీ) రెండో ఐసోమర్, అంటే మెథాక్సీ అవతలి కార్బన్ మీద చేరినదాని పీక్ వెతుక్కోవాల్సొచ్చింది. మధ్యలో వేడిగానే ఫిల్టర్ చేసి ఆ ద్రవాన్ని ఒక్కదాన్నే ఇంకో రెండు గంటలు తిప్పా, రియాక్షన్ అక్కడే ఆగింది, అంటే కాపర్ కరిగి బయటికొచ్చి చేస్తున్న పని కాదు. మాఫ్ కొన్నవాళ్లు ఎవరైనా ఈ టెస్ట్ మాత్రం ఎగ్గొట్టకండి, ప్లీజ్. పెద్ద అణువులకి మాత్రం దీనిమీద ఆశ పెట్టుకోవద్దు, దారిలోనే పట్టవు.

ఇక కంప్లైంట్. రెండో సీసా మూత వదులుగా వచ్చింది, పౌడర్ ఉండలు కట్టి ఉంది, తూకంలో నీళ్ల బరువే బోలెడంత. యాక్టివేట్ చేసినా రంగు పూర్తిగా తిరగలేదు, ఎక్స్ఆర్‌డీ (ఎక్స్‌రేలతో క్రిస్టల్ నిర్మాణం చూసే టెస్ట్) తీస్తే ఉండకూడని పీకులు రెండు కనిపించాయి. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే మార్చి ఇచ్చారు, కాదనను, కానీ తేమ పడని సరుకుని ఆర్గాన్‌లో సీల్ చేసి పంపాలన్న జాగ్రత్త వాళ్లకే ఉండాలి కదా. లేబుల్ మీద సర్ఫేస్ ఏరియా గ్రాముకి 1500 నుంచి 2100 చదరపు మీటర్లు అని ఉంటుంది, అది పూర్తిగా ఆరిన పౌడర్ లెక్క, మీ చేతికొచ్చిన పౌడర్‌ది మీరే బీఈటీ (గ్యాస్ ఎంత పట్టిందో చూసి సర్ఫేస్ ఏరియా లెక్కగట్టే టెస్ట్) చేసి చూసుకోండి.

2025లో కిటగావా, రాబ్సన్, యాఘీలకి మాఫ్‌ల మీద పనికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చిందని చూసి కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు ఉంటే, మీ రియాక్షన్‌లో నీళ్లు తప్పవు అనుకుంటే దీని జోలికి రావద్దు, 2008లో ఓస్లో యూనివర్సిటీ వాళ్లు చేసిన జిర్కోనియం మాఫ్ యూఐఓ-66 తీసుకోండి, అందులో జిర్కోనియం-ఆక్సిజన్ బంధాలు చాలా గట్టివి, అంత తేలిగ్గా ఊడవు. పొడి సాల్వెంట్లో పని అయితే మాత్రం ఈ కాపర్‌దే నా ఓటు, 5కి 4 ఇస్తా, ఆ తగ్గిన ఒకటీ ప్యాకింగ్‌కే. మార్చి ఇచ్చిన సీసా రాగానే గ్లవ్‌బాక్స్‌లో (గాలీ తేమా చొరబడని పెట్టె) అర గ్రాము చొప్పున వయల్స్‌లో పంచేసుకున్నా, ఒక్కోసారి ఒక్కటే తెరుస్తున్నా, రంగు ఇంకా అలాగే ఉంది.