తొమ్మిది మంది షాపు, పది మంది షాపు

ఒకే వీధిలో రెండు బట్టల షాపులు అనుకోండి. ఒకదాంట్లో తొమ్మిది మంది పనిచేస్తారు, పక్కదాంట్లో పది మంది. తేడా ఒక్క మనిషే. కానీ కడుపుతో ఉన్న సేల్స్‌గర్ల్‌కి ఆ ఒక్క మనిషే పెద్ద తేడా. పది మంది ఉన్నచోట, అంతకుముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు. ఆ సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం కుదరదు. తొమ్మిది మంది షాపుకి ఈ నియమం వర్తించదు, ఓనరు మంచితనమే దిక్కు. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. నొప్పులు హాజరు పట్టీ చూసి రావుగా!

లైంగిక వేధింపుల విషయంలో మాత్రం 2013 చట్టం ఏ షాపునీ వదల్లేదు. పది మంది ఉంటే సీనియర్ మహిళ అధ్యక్షతన లోపలే కమిటీ పెట్టాలి, పెట్టకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. అంతకంటే తక్కువ మంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదు ఓనరు మీదే అయితే పది మంది షాపువాళ్లూ అక్కడికే. ఫిర్యాదు చేయడానికి గడువు రెండుచోట్లా మామూలుగా మూడు నెలలు.

ఇక జీతం. ఒకే పనికి ఆడ, మగ తేడా చూపకూడదన్న నియమానికి 1976 నాటి చట్టం దగ్గర్నుంచీ ఈ తలల లెక్క లేదు.