వెన్నుపూసలో సిమెంట్: నేరుగానా, బెలూన్‌తోనా?

క్యాన్సర్ వెన్నెముకకు పాకితే పూస లోపల గుల్లబారుతుంది. గట్టిగా దగ్గినా కుంగిపోవచ్చు. మల్టిపుల్ మైలోమాలో (ఎముక మజ్జలో పుట్టే రక్త క్యాన్సర్) ఇది తరచుగా చూస్తాం. మంచం మీద పక్కకు తిరగలేని మనిషికి రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే డాక్టర్లు పూసలోకి సూదితో సిమెంట్ (ఎముకలకు వాడే, లోపలికి వెళ్లాక గట్టిపడే పదార్థం) ఎక్కిద్దామంటారు. అక్కడే ప్రశ్న వస్తుంది: వెర్టిబ్రోప్లాస్టీనా, కైఫోప్లాస్టీనా?

మొదటిది 1984లో ఫ్రాన్స్‌లో మొదలైంది. పూసలోకి సూది దింపి, ఇంకా గట్టిపడని సిమెంట్‌ను ఒత్తిడితో నింపుతారు. రెండోదానిలో ముందు చిన్న బెలూన్ ఉబ్బించి చోటు చేస్తారు. ఆ ఖాళీలోకి చిక్కటి సిమెంట్ తక్కువ ఒత్తిడితో వెళ్తుంది. నొప్పి తగ్గించడంలో రెండూ దాదాపు సమానమే. ఖర్చు బెలూన్‌కే ఎక్కువ.

అసలు తేడా సిమెంట్ ఎటు పోతుందన్న దాంట్లో ఉంది. పూస వెనక గోడకు అవతలే వెన్నుపాము ఉంటుంది. క్యాన్సర్ ఆ గోడనే తినేసి ఉండొచ్చు. సిమెంట్ అటు కారితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. సిరల్లోకి జారితే గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. కొద్దిగా కారడం మామూలే, చాలామందికి ఆ సంగతే తెలియదు. ప్రాణం మీదికి వచ్చేది అరుదు. బెలూన్‌తో ఈ కారడం తగ్గుతుంది. కానీ ఉబ్బే బెలూన్ క్యాన్సర్ గడ్డనే వెన్నుపాము వైపు నెట్టవచ్చు. ఈ మాట రోగి ఇంటివాళ్లకు ఎవరైనా ముందే చెప్పాలి.

2011లో క్యాన్సర్ రోగులు 134 మంది మీద వచ్చిన అధ్యయనంలో, బెలూన్ పద్ధతి చేయించుకున్నవారికి నెల తిరిగేసరికి నడుము ఇబ్బందిని కొలిచే స్కోరు (24కి, ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువ) 17.6 నుంచి 9.1కి దిగింది. సిమెంట్ ఎక్కించనివారిది 18.2 నుంచి 18.0 దగ్గరే ఆగింది. అయితే అది రెండు సిమెంట్ పద్ధతుల మధ్య పోటీ కాదు.

వెనక గోడ బాగుంటే వెర్టిబ్రోప్లాస్టీ చాలనే అంటాను, అదనపు ఖర్చు ఎందుకు? గోడ దెబ్బతింటే, చేయి తిరిగిన డాక్టర్ దగ్గర బెలూన్ వైపు మొగ్గుతాను. కాళ్లలో బలం ఇప్పటికే తగ్గిందా, అప్పుడు ముందు చూడాల్సింది సిమెంట్ కాదు, వెన్నుపాము మీద ఒత్తిడి తీసే ఆపరేషన్, రేడియేషన్.

అందుకే సీటీ, ఎంఆర్‌ఐ ముందు పెట్టి "వెనక గోడ ఎలా ఉంది?" అని అడగండి. ఇంటికొచ్చాక కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా, కొత్తగా ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.